తృప్తినిచ్చే పనా, ఎక్కువ జీతమా: ఏది మేలు?

ఆఫర్ లెటర్‌లో జీతానికి ఒక అంకె ఉంటుంది. తృప్తికి ఉండదు. ఈ రెండింటినీ పోల్చడంలో తంటా అంతా అక్కడే మొదలవుతుంది. ఒకవైపు 30 శాతం పెరుగుదల కళ్లెదుట కనిపిస్తుంటే, రెండోవైపు "ఇక్కడ బాగానే ఉంది కదా" అన్న మాట ఒక్కటే ఉంటుంది. అంకెకీ మాటకీ పోటీ పెడితే అంకే గెలుస్తుంది. అందుకే జీతాన్ని కాసేపు నెలల్లోకి, గంటల్లోకి మార్చి చూద్దాం. తృప్తిని అడిగి తెలుసుకోగల ప్రశ్నల్లోకి దింపుదాం.

ముందు జీతం వైపు. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం ఈమధ్య ఒక ఫ్యాషన్ అయింది. "డబ్బుదేముంది" అనేవాళ్లలో చాలామందికి నెలాఖరు టెన్షన్ తెలియదు.

మీ నెల జీతం 100 అనుకోండి. ఖర్చులు 80, మిగిలేది 20. జీతం 130 అయ్యి, ఖర్చులు అలాగే ఉంటే మిగిలేది 50. జీతం పెరిగింది 30 శాతమే, మిగులు మాత్రం రెండున్నర రెట్లయింది. ఒక ఏడాది ఖర్చులకు సరిపడా సొమ్ము వెనకేసుకోవాలంటే పాత జీతంతో 48 నెలలు పడుతుంది, కొత్త జీతంతో 19 నెలల పైచిలుకు. ఏడాది ఖర్చులు చేతిలో ఉన్న మనిషి అడ్డమైన పనికి "కుదరదండీ" అనగలడు. లేని మనిషి అనలేడు. ఆ ఒక్క మాట అనగలగడం కూడా తృప్తిలో భాగమే కదా!

ఇంకో సంగతి. తర్వాతి ఉద్యోగంలో ఎంతిస్తారన్నది చాలాచోట్ల ఇప్పుడెంత వస్తోందన్నదాని మీద లెక్క కడతారు. ఈరోజు తక్కువకు ఒప్పుకుంటే ఆ తక్కువ మన వెనకే వస్తుంది. వడ్డీ కడుతున్న అప్పులుండి, ఇంట్లో నలుగురు మీ సంపాదన మీదే ఆధారపడి ఉంటే నా సలహా సూటిగానే ఉంటుంది: జీతం ఎక్కువొచ్చే చోటికి వెళ్లండి. అందుకు మొహమాటపడక్కర్లేదు.

అయితే పై లెక్కలో "ఖర్చులు అలాగే ఉంటే" అన్న మాట ఒకటుంది. సాధారణంగా ఉండవు. జీతం పెరిగిన ఏడాదిలోపే ఖర్చు కూడా మెల్లగా పైకి పాకి దాని పక్కన కూర్చుంటుంది. పెరిగిన మొత్తంలో సగమైనా మొదటి నెల నుంచే పక్కకు తీయలేకపోతే, ఆ రెండున్నర రెట్లు కాగితం మీదే ఉండిపోతాయి.

ఇక గంటల లెక్క. ఇది చాలామంది వెయ్యరు. వారానికి 45 గంటల పని, రాకపోకలకు 5 గంటలు, ఈసారి వారానికి వచ్చేది 100 అనుకుందాం. అంటే గంటకు 2. కొత్త చోట 55 గంటల పని, రాకపోకలకు 10 గంటలు, వచ్చేది 130. గంటకు మళ్లీ 2! అదనంగా 15 గంటలు పాత రేటుకే అమ్మారన్నమాట. మామూలుగా ఓవర్‌టైమ్‌కు ఎక్కువ రేటు అడుగుతాం. ఇక్కడ మాత్రం జీతం పెరిగిందని స్వీట్లు పంచుతాం. ఇందులో వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే, ఖాయం కాని భాగం) ఉంటే అది చేతికొచ్చేదాకా లెక్కలో వేసుకోకపోవడం మంచిది.

ఇంతకీ డబ్బు పెరిగితే సంతోషం పెరుగుతుందా? పెరుగుతుంది. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అమెరికాలో చేసిన పరిశోధనలో, ఏడాదికి సుమారు 75,000 డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెద్దగా పెరగడం లేదని తేలింది. జనం ఇప్పటికీ దాన్నే చెప్పుకుంటారు. కానీ 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ ఆ అంకె దాటినా సంతోషం పెరుగుతూనే ఉందని చూపించాడు. చివరికి కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ మరొకరితో కలిసి 2023లో లెక్కలు తిరగేస్తే, ఒక దశ తర్వాత ఆగిపోవడమన్నది అందరికంటే తక్కువ సంతోషంగా ఉన్న ఐదోవంతు మందిలోనే కనిపించింది. అంటే దిగులు వేరేచోట ఉంటే, ఒక హద్దు దాటాక డబ్బు దాన్ని తీర్చలేదు.

ఇది బతుకులో సంతోషం మాట. పనిలో తృప్తి సంగతి వేరు. జీతానికీ ఉద్యోగ తృప్తికీ ఉన్న సంబంధం మీద వచ్చిన అనేక అధ్యయనాలను 2010లో టిమోతీ జడ్జ్ బృందం కలిపి చూసింది. రెండింటి మధ్య సంబంధం 0.15 దగ్గర తేలింది. పూర్తి సంబంధం ఉంటే 1, అసలు లేకపోతే 0. ఎక్కువ జీతం తీసుకునేవాళ్లు తమ పనిని అంతకంతా ఎక్కువగా ఏమీ ఇష్టపడటం లేదన్నమాట. 1959లోనే ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి ఇలాంటిదే చెప్పాడు: జీతం చాలకపోతే అసంతృప్తి పుడుతుంది, కానీ జీతం చాలినంత మాత్రాన తృప్తి పుట్టదు. తృప్తి పుట్టేది సాధించిన పని నుంచి, గుర్తింపు నుంచి, చేతికి అప్పగించిన బాధ్యత నుంచి.

అలాగని తృప్తి వైపు అంతా సవ్యంగా లేదు. జీతం ఒకసారి పెరిగితే మామూలుగా తగ్గదు. తృప్తి మాత్రం బాస్ ఒక్కడు మారితే సోమవారం ఉదయానికల్లా మాయమైపోతుంది. పైగా పనంటే ఇష్టమున్నవాళ్ల నెత్తిన ఎక్కువ పని రుద్దడం తప్పుగా అనిపించదు జనానికి. 2019లో వెలువడిన ఒక పరిశోధన సరిగ్గా ఇదే చూపించింది: ఇష్టపడి పనిచేసేవాళ్ల చేత పైసా ఇవ్వకుండా అదనపు పని చేయించుకోవడం న్యాయమేనని ఎదుటివాళ్లు సులువుగా ఒప్పుకుంటున్నారు. "మీకు ఈ పనంటే ప్రాణం కదా" అని ఎవరైనా అంటే, తర్వాత వచ్చే వాక్యం జాగ్రత్తగా వినండి.

సౌకర్యాన్ని తృప్తి అనుకోవడం ఇంకో చిక్కు. పని చెయ్యి తిరిగిపోయింది, అడిగేవాళ్లు లేరు, ఆరింటికి ఇంట్లో ఉంటున్నాం. హాయిగానే ఉంటుంది. కానీ గత ఏడాదిలో కొత్తగా ఏం నేర్చుకున్నాం అని అడిగితే జవాబు లేకపోతే, ఆ హాయికి బిల్లు కొన్నేళ్లకు వస్తుంది. నేర్చుకుంటున్న చోట జీతం కాస్త తక్కువైనా ఆగొచ్చు. రెండూ లేని చోట ఆగడానికి నాకైతే కారణం కనబడదు.

కాబట్టి అప్పులు, ఇంటి అవసరాలు మెడ మీద ఉన్నంతకాలం జీతం మేలు. అవి తీరి, ఆర్నెల్ల ఖర్చులైనా చేతిలో ఉంటే నేను పని వైపే మొగ్గుతాను. గంట లెక్కలో నిజంగా 20, 25 శాతం పెరుగుదల తేలితే తప్ప కదలను. ఈ 20, 25 ఏ పరిశోధనలోనూ లేవు, దెబ్బ తిని నేర్చుకున్నవి.

ఆ దెబ్బ ఏమిటంటే, ఒకసారి పెరిగే అంకె చూసి, ఇంకేమీ అడక్కుండా ఒక ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు నాకిచ్చిన టేబుల్ డ్రాయరు లాగితే లోపల ఒక డైరీ. ముందున్న మనిషి వదిలేసి వెళ్లింది. పేజీల నిండా పనుల జాబితాలు, పక్కన టైములు: రాత్రి 9.40, రాత్రి 10.15. చివరి పేజీలో సగం జాబితాకు టిక్కులున్నాయి, మిగతా సగానికి లేవు. ఆ సీట్లో ఆ ఏడాది నేను మూడో మనిషినని వారం తర్వాత తెలిసింది. పది నెలలు ఉన్నాను.

తర్వాత మారినప్పుడు పెరిగింది చాలా తక్కువ, గంట లెక్కలో మాత్రం 25 శాతం దాటింది. ఈసారి ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడగాలా" అంటే, ఈ సీట్లో ఇంతకుముందు ఎవరున్నారు, ఎందుకు వెళ్లిపోయారు అని అడిగాను. "వెళ్లలేదండీ, పై పోస్టులో ఉన్నారు. పక్క గదిలోనే. మాట్లాడతారా?" అన్నారు. వెళ్లి పది నిమిషాలు మాట్లాడాను. రాత్రి ఏడు దాటాక ఫోన్లు వస్తాయా అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "నెలాఖరు మూడు రోజులు వస్తాయి, మిగతా రోజుల్లో రావు" అన్నారు. అస్సలు రావు అని ఉంటే నమ్మేవాణ్ని కాదు. ఆ సాయంత్రమే సంతకం పెట్టాను.