బ్యాంకాక్‌లో కొన్న టూరిస్ట్ సిమ్: ఎనిమిది రోజులు వాడిన అనుభవం

అమ్మానాన్నలతో కలిసి హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు, అక్కడి నుంచి ఫుకెట్‌కు ప్రయాణం పెట్టుకున్నప్పుడు, మన సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేయించుకోవడమా, దిగాక స్థానిక సిమ్ కొనడమా అన్న చర్చ మా ఇంట్లో చాలాసేపు నడిచింది. చివరికి స్థానిక సిమ్మే కొన్నాము. మళ్లీ వెళ్లినా అదే కొంటాను, కాని ఇల్లు కదలకముందే ఒక పని చేసుకుని మరీ వెళ్తాను.

సువర్ణభూమి విమానాశ్రయంలో కస్టమ్స్ దాటి బయటికి రాగానే సిమ్‌లు అమ్మే కౌంటర్లు కనిపిస్తాయి. థాయిలాండ్ మొబైల్ కంపెనీలలో డీటాక్ 2023లో ట్రూతో విలీనమైంది కాబట్టి ఇప్పుడు ఎంచుకోవడానికి ప్రధానంగా మిగిలినవి ఏఐఎస్, ట్రూ. ఎనిమిది రోజుల సిమ్‌కు మనిషికి 449 బాత్‌ల (థాయ్ కరెన్సీ) చొప్పున ఇచ్చాము. పాస్‌పోర్టు తప్పనిసరి, దానితో పాటు మన ముఖాన్ని కూడా ఫోటో తీసుకుని, సిమ్‌ను మన పేరు మీదే నమోదు చేస్తారు. సెవెన్ ఎలెవెన్ దుకాణాలలో కూడా సిమ్‌లు దొరుకుతాయి గాని, రాత్రిపూట పెద్దవాళ్లతో దిగి, వెంటనే ట్యాక్సీ పిలవవలసి ఉన్నప్పుడు వాటిని వెతుక్కుంటూ తిరగడం అనవసరమని నా అభిప్రాయం.

స్థానిక నంబరు విలువ, మన ఓలా, ఉబర్ లాంటి యాప్ అయిన గ్రాబ్‌లో ట్యాక్సీ ఎక్కిన ప్రతిసారీ తెలిసివచ్చింది, ఎందుకంటే హోటల్ ఉన్న సందు దొరకని డ్రైవరు నేరుగా ఫోన్ చేస్తే, ఆ ఫోన్‌ను రిసెప్షన్‌లో ఉన్నవారి చేతికి ఇస్తే సరిపోయేది. కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే, కేవలం డేటా ఇచ్చే ఈసిమ్‌లలో ఈ సౌకర్యం ఉండదు. వాట్సాప్ పాత నంబరుతోనే పనిచేస్తుంది. నంబరు మార్చాలా అని అడిగితే మాత్రం వద్దనాలి. ఫుకెట్ నుంచి ఫీఫీ దీవులకు వెళ్లే పడవలో, నడిసముద్రంలో కొంతసేపు సిగ్నల్ పోయింది. దానిని నేను లోపంగా లెక్కించను.

ఇబ్బంది వచ్చింది నాన్నగారి ఫోన్‌తో. అందులో రెండో స్లాట్‌ను మెమరీ కార్డు ఆక్రమించడంతో, కౌంటర్‌లోని అమ్మాయి పిన్నుతో ట్రే బయటికి లాగి, మన సిమ్ తీసి, గోరంత ముక్క ఎక్కడ పోతుందోనని దానిని ఒక అట్టకు టేపుతో జాగ్రత్తగా అంటించి ఇచ్చింది. మూడో రోజు హోటల్‌కు ఆయన కార్డుతో డబ్బు కట్టబోతే, బ్యాంకు ఓటీపీ ఆ అట్ట మీది సిమ్‌కే రావాలి. గదికి వెళ్లి టేపు ఊడదీసి సిమ్ వేసి చూస్తే సిగ్నలే లేదు, ఎందుకంటే రోమింగ్ సేవను మేము హైదరాబాద్‌లో ఆన్ చేయించనే లేదు. లాబీలో నిలబడిన నాన్నగారి ముఖం చూసి నాకు చాలా బాధ కలిగింది. ఉన్న బాత్‌లన్నీ పోగు చేసి నగదుగా కట్టాము.

కాబట్టి బయలుదేరే ముందే మన నంబరుకు రోమింగ్ సేవ ఆన్ చేయించుకోండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా ఛార్జీ ఉండదు. మన సిమ్‌ను మొదటి స్లాట్‌లోనే ఉంచి, దాని డేటా రోమింగ్‌ను ఆపి, మొబైల్ డేటాను కొత్త సిమ్‌కు మార్చుకోండి. మెమరీ కార్డు అడ్డమైతే అందులోని ఫోటోలను ఇంటి దగ్గరే వేరే చోటికి ఎక్కించి, కార్డు తీసేసి వెళ్లండి. ఒకటి రెండు రోజులే ఉండి వచ్చేవారికి మాత్రం ఈ శ్రమంతా అక్కర్లేదు, మన సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేయించుకోవడం సులువు.