ఎనిమిదేళ్లుగా హెచ్‌ఎస్‌ఏ: కార్డు పక్కన పెట్టాకే కలిసొచ్చింది

2018 జనవరిలో డల్లాస్‌లో కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు, నెల ప్రీమియం తక్కువగా ఉందని హై డిడక్టిబుల్ ఆరోగ్య బీమా ప్లాన్ తీసుకున్నాను. అంటే ఏటా ఒక మొత్తం (డిడక్టిబుల్) నిండేదాకా వైద్యం ఖర్చు చాలావరకు మనమే పెట్టుకోవాలి, ఆ తర్వాతే బీమా కడుతుంది. దాంతో పాటే వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెల్త్ సేవింగ్స్ అకౌంట్ (హెచ్‌ఎస్‌ఏ), దాని డెబిట్ కార్డు వచ్చాయి. మూడేళ్లు ఆ కార్డును అన్ని కార్డుల్లాగే వాడేశాను. డాక్టర్ దగ్గర గీకడం, మందుల షాపులో గీకడం, డిసెంబరు వచ్చేసరికి ఖాతా ఖాళీ. పన్ను కొంత మిగిలేది, అంతకు మించి ఏమీ లేదు.

2021లో న్యూజెర్సీకి మారాం. కొత్త ఆఫీసులో గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు లంచ్ దగ్గర మాటల్లో అన్నారు: "అమ్మా, ఆ కార్డు పర్సులోంచి తీసి బీరువాలో పెట్టు. చిన్న చిన్న బిల్లులు మామూలు కార్డుతో కట్టుకో, రసీదు మాత్రం దాచు. రసీదుకు గడువు లేదు." ఆ చివరి మాట నిజమా అని ఆ రాత్రే కూర్చుని చదివాను. నిజమే. ఖాతా తెరిచిన తర్వాత అయిన వైద్య ఖర్చయితే చాలు, పదేళ్ల తర్వాతైనా ఆ రసీదు ఆధారంగా పన్ను లేకుండా డబ్బు తీసుకోవచ్చు. ఈలోగా ఆ డబ్బును ఖాతాలోనే మ్యూచువల్ ఫండ్‌లో పెడితే పెరగొచ్చు, ఆ పెరుగుదల మీద కూడా ఫెడరల్ పన్ను లేదు. వేసేటప్పుడు, పెరిగేటప్పుడు, తీసేటప్పుడు మూడుచోట్లా పన్ను తప్పే ఖాతా ఇదొక్కటే. ఆఫీసు ద్వారా రిటైర్మెంట్‌కు దాచుకునే 401కె కూడా ఈ మూడూ ఇవ్వదు.

అందరూ గమనించని ఇంకో సంగతి ఉంది. డబ్బును బ్యాంకు నుంచి మనమే వేస్తే ఆదాయపు పన్ను మాత్రమే తగ్గుతుంది. జీతంలోంచి పేరోల్ ద్వారా వెళ్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పట్టుకునే 7.65 శాతం కూడా మిగులుతుంది. 2025లో ఫ్యామిలీకి పరిమితి 8,550 డాలర్లు. అంతా పేరోల్ ద్వారా వేస్తే ఈ ఒక్క పద్దు కిందే 650 డాలర్ల పైన మిగులుతుంది. అయితే డల్లాస్‌లో లేని చిక్కు ఇక్కడికి వచ్చాక ఎదురైంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా మాత్రం హెచ్‌ఎస్‌ఏను గుర్తించవు. వేసిన డబ్బు మీదా, దాని రాబడి మీదా రాష్ట్ర పన్ను కట్టాల్సిందే. అయినా ఫెడరల్ లాభం ముందు అది చిన్నదే, నేను ఆపలేదు.

రసీదుల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. మొదటి ఏడాదివన్నీ జిప్‌లాక్ కవర్లో వేసి అల్మరాలో పెట్టాను. 2023లో తీసి చూస్తే సగం చీటీలు తెల్లగా ఉన్నాయి. మందుల షాపు ఇచ్చేది థర్మల్ పేపర్ కదా, వేడికి అక్షరాలు ఎగిరిపోయాయి. కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పెట్టి చూసినా తేదీ కనపడలేదు. దాదాపు 300 డాలర్లు అలా పోయాయి. ఇప్పుడు షాపు బయట కారులో కూర్చునే ఫోటో తీస్తాను. షీట్‌లో తేదీ, ఎవరికి, దేనికి, ఎంత, ఏ కార్డుతో కట్టామో రాస్తాను. ఈ వారానికి ఆ షీట్ మొత్తం 11,460 డాలర్లు. ఇంట్లో ఏ అవసరం వచ్చినా రేపే ఆ డబ్బు తీసుకోవచ్చన్న ధైర్యం చిన్నది కాదు.

ఆసుపత్రి బిల్లు రాగానే కట్టకండి. 2022లో బాబు పుట్టినప్పుడు మొదటి బిల్లు 1,900 డాలర్లని వస్తే టెన్షన్‌తో వెంటనే కట్టేశాను. తర్వాత ఇన్సూరెన్స్ నుంచి వచ్చిన ఈఓబీ కాగితంలో (బీమా ఎంత కడుతుంది, మన వాటా ఎంత అని చెప్పేది) నా వాటా 1,240 అని ఉంది. మిగతాది వెనక్కి రావడానికి నాలుగు నెలలు, ఎన్నో ఫోన్లు. ఈఓబీ చేతికొచ్చాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి కట్టడమే పద్ధతి.

ఉద్యోగం మారాక పాత ఖాతాను చూసే సంస్థ నెలనెలా ఫీజు కోసుకుంటూ ఉంది. పైగా డబ్బంతా నామమాత్రపు వడ్డీకి నగదుగానే పడి ఉంది. ఫిడెలిటీ అనే పెట్టుబడుల సంస్థలో హెచ్‌ఎస్‌ఏ ఖాతా తెరిచి ఆ డబ్బును నేరుగా సంస్థ నుంచి సంస్థకు బదిలీ చేయించాను. ఇలా ఎన్నిసార్లయినా చేయించుకోవచ్చు. చెక్కు మన పేరిట తీసుకుంటేనే 60 రోజుల గడువు, ఏడాదికి ఒక్కసారే అన్న నిబంధన. ఫిడెలిటీలో ఖాతా ఫీజు లేదు, ఇండెక్స్ ఫండ్ కొనడానికి కనీస నిల్వ అక్కర్లేదు. నా తర్వాత ఖాతా అందుకునే బెనిఫిషియరీగా మా ఆయన పేరు రాసింది కూడా అప్పుడే. భార్యాభర్తలకైతే ఖాతా ఖాతాగానే చేతికొస్తుంది. పిల్లలకు వెళ్తే ఆ ఏడాదే మొత్తం ఆదాయం కింద లెక్క.

మనవాళ్లకు బాగా పనికొచ్చేది ఒకటి చెప్తాను. 2023 డిసెంబరులో హైదరాబాద్ వెళ్లినప్పుడు కూకట్‌పల్లిలో రూట్ కెనాల్, క్యాప్ చేయించుకున్నాను. 18,000 రూపాయలు. ఇక్కడ అదే పనికి 2,600 డాలర్లు చెప్పారు. మన సొంత వైద్యం ఇండియాలో చేయించుకున్నా హెచ్‌ఎస్‌ఏకి చెల్లుతుంది. క్లినిక్‌లో ముందు అరచేతిలో సగం కూడా లేని చీటీ మీద మొత్తం మాత్రం రాసిచ్చారు. "అమ్మాయ్, పేరు, తేదీ, ఏ పంటికి ఏం చేశారు అన్నీ రాసివ్వాలమ్మా" అని బతిమాలితే రిసెప్షన్‌లో అమ్మాయి లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసిచ్చింది. ఆ రోజు మారకం రేటు కూడా స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. విమానం టికెట్ మాత్రం లెక్కలో వేయలేదు, వెళ్లింది సెలవులకు కదా. ఇండియాలో ఉన్న నాన్న షుగర్ మందులకు, అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌కు కూడా ఈ డబ్బు వాడకూడదు. 65 ఏళ్ల లోపు వైద్యం కాని ఖర్చుకు తీస్తే పన్నుతో పాటు 20 శాతం జరిమానా.

ఇక ఈ ప్లాన్‌తో నాకు మిగిలిన బాధ. 2019 నవంబరులో పాపకు చెవినొప్పి వచ్చింది. ఖాతాలో 40 డాలర్లు ఉన్నాయి, డిడక్టిబుల్ నిండలేదు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అని రెండు రోజులు ఆపాను. మూడో రోజు తెల్లవారుజామున దిండు మీద పసుపుపచ్చ మరక కనిపించింది. చెవిలోంచి చీము. నాలుగేళ్ల పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది, నేను డబ్బు లెక్కేసుకుంటూ కూర్చున్నాను. చెవి నయమైంది. కానీ ఆ మరక నాకింకా కళ్లముందే ఉంది. అందుకే ఇప్పుడు మా డిడక్టిబుల్ 4,000 డాలర్లను హెచ్‌ఎస్‌ఏలోనే నగదుగా ఉంచుతాను, ఆ పైది మాత్రమే ఫండ్‌లోకి వెళ్తుంది. పిల్లలకు ఒంట్లో బాగోకపోతే ఆ కార్డు తీసుకుని వెళ్లిపోవడమే. 4,000 పోగుచేసే వీలు లేనివాళ్లకు, నెలనెలా స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లాల్సినవాళ్లకు నేను ఈ ప్లాన్ చెప్పను. ప్రీమియం ఎక్కువైనా డిడక్టిబుల్ తక్కువగా ఉండే మామూలు పీపీఓ ప్లాన్ తీసుకోమంటాను.

మా ఆయన ఆఫీసులో ఈసారి ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు ఆఫీసు ద్వారా పన్ను లేకుండా దాచే మరో ఖాతా) పెట్టబోయారు, ఆపాను. ఇద్దరిలో ఒకరికి మామూలు ఎఫ్‌ఎస్‌ఏ ఉన్నా నాకు హెచ్‌ఎస్‌ఏలో వేసే అర్హత పోతుంది. 2026కి ఫ్యామిలీ పరిమితి 8,750. కంపెనీ వేసే 1,000 కూడా అందులోనే లెక్క, మర్చిపోయి ఎక్కువ వేస్తే ఏటా 6 శాతం పన్ను. మిగిలిన 7,750ని 26 జీతాలకు పంచి, ఒక్కోదానికి 298 డాలర్లని నిన్న రాత్రి ఆఫీసు ఫారంలో నింపి సబ్మిట్ చేశాను.