మంగళూరు పెంకా, రంగు రేకా: తిరుపతిలో రెండూ ఏళ్ల తరబడి వాడాక

మా ఇంటికి రెండు రకాల కప్పులూ ఉన్నాయి. కింద వసారా మీద, దాన్ని ఆనుకున్న రెండు గదుల మీద ఇనుప చట్రంపై మంగళూరు పెంకు. మిద్దె మీద గదికీ, బట్టలారేసే జాగాకూ గాల్వల్యూమ్ (అల్యూమినియం, జింకు కలిపిన పూత వేసిన ఉక్కు) రంగు రేకు. రెండూ పదేళ్లు దాటినవే. 2021 నవంబరు వరద వానలకూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకూ రెండూ తడిశాయి. మే నెలల ఎండ సంగతి తిరుపతివాళ్లకు చెప్పక్కర్లేదు.

మొదట తేల్చి చెప్పాల్సింది ఇది. పెంకు ఏటేటా పని చెబుతుంది. రేకు చెప్పదు, కానీ బిగించిన రోజు జరిగిన తప్పును ఏడెనిమిదేళ్లు దాచిపెట్టి అప్పుడు చూపిస్తుంది. ఏడాదికోసారి కప్పెక్కి చూసే మనిషి అందుబాటులో ఉంటే కాపురముండే గదులకు పెంకే మేలు. లేకుంటే రేకు వేసుకోండి, కానీ బిగించే రెండు మూడు రోజులూ పక్కనే నిలబడండి.

రేకు గది రాత్రీ పగలూ కొలిమేనని చాలామంది అనుకునేది సగమే నిజం. రేకు మందం అర మిల్లీమీటరు. ఎండ తగిలిన నిమిషాల్లో కాలిపోతుంది, ఆ సెగ నేరుగా నెత్తిమీదికి దిగుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, కింద ఏ అడ్డూ లేని రేకు గదిలో ఫ్యాను తిప్పినా వేడిగాలే. కానీ పొద్దు గూకిన గంటకల్లా ఆ రేకు చల్లబడుతుంది. కాంక్రీటు మిద్దె కింద గది మాత్రం రాత్రి పదకొండింటికీ సెగలు కక్కుతూనే ఉంటుంది. పెంకు తీరు వేరు. మట్టి తొందరగా వేడెక్కదు, పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతూనే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నిద్రపోవాలంటే పెంకు గదే.

రేకు గదిని బాగుచేసుకోవచ్చు. రంగు తెలుపో లేత బూడిదో తీసుకోవాలి. ఇటుక రంగు, ముదురు నీలం చూడ్డానికి బాగున్నా వేడిని లాగుతాయి. రేకుకు ఆరంగుళాలు తగ్గకుండా ఖాళీ వదిలి ఫాల్స్ సీలింగ్ వేసి, ఆ ఖాళీకి రెండు గోడల వైపులా గాలి కిటికీలు పెట్టాలి. గాలి ఆడని సీలింగ్ సగం పనే చేస్తుంది. మెరిసే బబుల్ ఫాయిల్‌ను (వేడిని ఆపే బుడగల పొర) రేకుకు అంటించేస్తే పైవైపు మెరుపు వృథా, కిందివైపుది ఒక్కటే పనిచేస్తుంది. అంగుళం గాలి సందు వదిలితే రెండు వైపులా పనికొస్తుంది. పలమనేరు, కుప్పం లాంటి ఎత్తు ప్రాంతాల్లో ఇంకో బెడద ఉంది. మార్గశిర, పుష్య మాసాల చలికి తెల్లవారుజామున రేకు అడుగున చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా రాలుతుంది. కప్పు కారుతోందని మేస్త్రిని పిలుస్తారు గానీ అది లోపలి ఆవిరే. అక్కడ రేకు అడుగున ఫోమ్ పొర ఉన్నది కొనాలి.

ఇప్పుడు బరువు లెక్క. ఇరవై అడుగులు బై ముప్పై అడుగుల ఇల్లు, చుట్టూ రెండడుగుల చూరు అనుకుందాం. నేల కొలత 24 బై 34, అంటే 816 చదరపు అడుగులు. పెంకుకు 30 డిగ్రీల వాలు పెడితే కప్పు విస్తీర్ణం 1.155 రెట్లు, సుమారు 942 చదరపు అడుగులు. వంద చదరపు అడుగులకు 150 పెంకుల చొప్పున 1,410, విరుగుడుకు నూటికి ఐదు కలిపితే దగ్గరదగ్గర 1,500. ఒక్కో పెంకు రెండు ముప్పావు కిలోలు వేసుకున్నా కప్పు మీద నాలుగు టన్నులకు కాస్త తక్కువ. వానలో నీళ్లు పీల్చాక ఇంకో అర టన్ను. అదే ఇంటికి అర మిల్లీమీటరు రేకు నాలుగు వందల కిలోలు దాటదు. అందుకే పాత మిద్దె మీద, ఇటుక పిల్లర్ల మీద పెంకు ఆలోచన వద్దు.

వాలు తగ్గించడం దగ్గరే పెంకు కప్పులు ఎక్కువగా చెడుతున్నాయి. అడ్డం పదడుగులకు ఎత్తు ఐదడుగులు తగ్గకూడదు, ఐదు అడుగుల తొమ్మిది అంగుళాలైతే నిశ్చింత. పైపు ఖర్చు కలిసొస్తుందని మూడున్నరకు దించేస్తారు. నైరుతి జల్లులకు అది తట్టుకుంటుంది. కార్తీకంలో తూర్పు ఈశాన్యాల నుంచి గాలితో వచ్చే వాన మాత్రం నీటిని పెంకు గాడిలోంచి వెనక్కి, పైకి తోస్తుంది, గది తడుస్తుంది. రేకుకు పదడుగులకు ఒకటిన్నర, రెండడుగుల వాలు చాలు.

పెంకు కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టండి. కంచు మోగినట్టు మోగాలి. మొద్దుగా పలికితే సరిగా కాలలేదు, లేదా కంటికి కనిపించని చీలిక ఉంది. ఒకదాన్ని తూచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. మూడు కిలోల పెంకు అరకిలోకు మించి నీళ్లు తాగితే ఆ లోడు వద్దు. రెండు పెంకులను ముఖాలు కలిపి పెట్టి, మూలలు ఎగిరి ఊగుతున్నాయా చూడండి. యాభై పెంకులు ఎక్కువ కొని దాచుకోవడం తప్పనిసరి. ఒక ఫ్యాక్టరీ అచ్చుకూ ఇంకోదానికీ గాడి కుదరదు, కొన్నేళ్ల తర్వాత అదే అచ్చు దొరకదు.

రీపర్ల (పెంకులు ఆనుకునే అడ్డ పట్టీల) మధ్య దూరం కాగితం చూసి వెల్డర్‌కు చెప్పకండి. నేల మీద పది పెంకులను వరసగా గాడిలో గాడి వేసి, ఒకసారి వీలైనంత లాగి కొలవండి, ఒకసారి దగ్గరకు నెట్టి కొలవండి. రెంటి సగటును బట్టి ఒక్కో పెంకుకు వచ్చేదే మీ దూరం. సాధారణంగా పన్నెండున్నర, పదమూడు అంగుళాల దగ్గర తేలుతుంది. అర అంగుళం తేడా వచ్చినా పైవరసకు వెళ్లేసరికి గాడి పట్టదు. రీపరుకు అంగుళం చదరం పైపు, వాసాలు రెండున్నర అడుగులకొకటి ఉంటే కప్పు కుంగదు. పైపుల కొసలన్నీ మూయించాలి, లేకుంటే నీళ్లు చేరి లోపలి నుంచి తుప్పు తింటుంది. వెల్డింగ్ పొక్కు కొట్టించి, వైరు బ్రష్‌తో రుద్దించి, జింకు ప్రైమర్ పూశాకే పెంకు ఎక్కించాలి. తర్వాత అక్కడికి బ్రష్ పోదు.

పెంకు అడుగున చిల్లున్న చిన్న ముక్కు ఉంటుంది. అది తీగ కట్టడానికే. మేస్త్రులు వదిలేస్తారు. చూరు వైపు రెండు వరసలు, రెండు కొసలు, వెన్ను (పైన రెండు వాలులు కలిసే చోటు) పక్క వరస మాత్రం జీఐ (జింకు పూత ఇనుప) తీగతో రీపరుకు కట్టించండి. గాలి మొదట లేపేది అక్కడే.

వెన్నుపెంకు దగ్గర ఉత్త సిమెంటు మాలు వాడితే రెండు ఎండాకాలాలకే బీటలిస్తుంది. ఇనుప చట్రం ఎండకు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, గట్టి సిమెంటు దాంతో కదలలేదు. ఒక వంతు సిమెంటు, ఒక వంతు సున్నం, ఆరు వంతుల ఇసుక కలిపిన మాలు చాలా మెరుగు.

ఏటా పని ఎప్పుడంటే సెప్టెంబరు ఆఖరులో, ఈశాన్య వానలకు ముందు. గాడుల్లో చేరిన వేపాకు, చింతాకు ఊడ్చాలి. ఆ ఆకే నీటికి కట్ట వేసి పక్కకు మళ్లిస్తుంది. పగటిపూట గదిలో లైటు ఆర్పి పైకి చూస్తే జారిన పెంకు వెలుతురు చుక్కగా పట్టిస్తుంది. మార్చడానికి పైకి ఎక్కాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. సీలింగ్ లేకపోతే లోపల నిచ్చెన వేసుకుని, పై వరస పెంకు కొసను రెండంగుళాలు ఎత్తిపట్టి, పగిలినదాన్ని కాస్త పైకి నెట్టి రీపరు నుంచి తప్పించి లాగేయాలి. కొత్తది అదే దారిన ఎక్కించి, ముక్కు రీపరుకు తగిలేదాకా కిందికి లాగాలి. పైకి ఎక్కక తప్పకపోతే పలక పరిచి దాని మీదే నడవండి. ఒక పగులు బాగుచెయ్యబోయి నాలుగు పగలగొట్టడం సర్వసాధారణం.

తిరుపతిలో పెంకుకు అసలు శత్రువు వాన కాదు, కోతి. కపిలతీర్థం, అలిపిరి వైపు, శేషాచలం అంచు వీధుల్లో కోతుల గుంపు ఒక్క పూట తిరిగితే పది పెంకులు కదులుతాయి. పురుగుల కోసం కావాలనే ఎత్తి చూస్తాయి. తీగ కట్టడం కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు. కొండ పక్కన ఇల్లయితే, కప్పు మీదికి వాలిన కొబ్బరిచెట్టు ఉంటే, పెంకు మీద ఎంత ఇష్టమున్నా రేకు వైపే నా ఓటు. రేకు మీద కోతులు దూకితే ఇంట్లో పిడుగు పడ్డట్టుంటుంది, సొట్టలూ పడతాయి, కానీ కారదు.

రేకు కొనేచోట మోసమంతా మందంలోనే. టీసీటీ అంటే రంగుతో కలిపి మొత్తం మందం, బీఎంటీ అంటే లోపలి ఉక్కు మందం. అర మిల్లీమీటరు టీసీటీ కావాలని, పూత ఏజెడ్ 150 (చదరపు మీటరుకు 150 గ్రాముల అల్యూమినియం జింకు పూత) ఉండాలని బిల్లు మీద రాయించుకోండి. గాల్వల్యూమ్ రంగు రేకుకు ఐఎస్ 15965, మామూలు జింకు రంగు రేకుకు ఐఎస్ 14246 ప్రమాణం. అన్నిటికన్నా నమ్మకమైనది తూకం. నాలుగడుగుల వెడల్పు కాయిల్ నుంచి చేసిన పదడుగుల రేకు 0.5 మందంలో పదమూడు, పద్నాలుగు కిలోల మధ్య తూగాలి. పదిన్నర కిలోల లోపు తూగితే అది 0.35 దగ్గరి సరుకు. దించిన రేకులను పడుకోబెట్టి పేర్చకండి. మధ్యలో నీళ్లు చేరితే తెల్లటి మచ్చలు పడతాయి. ఒక కొస ఎత్తుగా ఉంచి పైన కప్పండి.

అడ్డ పైపుల దూరం నాలుగడుగులు మించకూడదు, చూరు దగ్గర మూడున్నర. ఆఖరి పైపు దాటి రేకు అడుగుకు మించి బయటికి రాకూడదు, వస్తే తుపాను గాలి దాన్నే పట్టుకుని లేపుతుంది. పరచడం పడమటి కొస నుంచి మొదలుపెట్టి తూర్పుకు రావాలి. అప్పుడు తూర్పు వైపు రేకు అంచు పడమటి దాని మీదికి ఎక్కి, గాలివాన అతుకులోకి దూరదు. పొడవులో అతుకు లేకుండా ఒకే రేకు చేయించుకోవడం మంచిది. అతకక తప్పకపోతే ఆరంగుళాలు ఎక్కించి మధ్యలో బ్యూటైల్ టేపు (అంటుకునే మెత్తటి రబ్బరు పట్టీ) వేయాలి.

కారడం మొదలయ్యేది స్క్రూల దగ్గరే. గట్టు (రేకులో పైకి లేచిన మడత) మీద బిగించే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ 55 మిల్లీమీటర్లు, కింద ఈపీడీఎం (ఎండకు తట్టుకునే రబ్బరు) వాషరు ఉండాలి. వాషరు అంచు మిల్లీమీటరు బయటికి ఉబికితే చాలు. పనివాళ్లు మిషన్‌తో ఇంకా తిప్పుతారు. రబ్బరు పూర్తిగా నలిగి పూవులా విచ్చుకుంటుంది, గట్టు లోపలికి సొట్టపోతుంది, ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఏటవాలుగా దిగిన స్క్రూకు ఒక వైపే రబ్బరు ఆనుతుంది. రెండూ మొదటి వానకు బయటపడవు. ఎండకు రబ్బరు గట్టిబడ్డాక, ఏడెనిమిదేళ్లకు, ఒక్కొక్కటిగా కారతాయి. అప్పుడు సిలికాన్ పూత తాత్కాలికమే. స్క్రూ తీసేసి, ఒక సైజు లావుది కొత్త వాషరుతో దించాలి. పొడవాటి రేకు రోజూ సాగి ముడుచుకుంటుంది: ఆరు మీటర్ల రేకు 40 డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లు. ఆ లాగుడంతా స్క్రూ చిల్లు మీదే పడుతుంది. సాయంత్రం పూట వినిపించే టిక్కు టిక్కు చప్పుడు అదే.

చిల్లు వేసినప్పుడు రాలే ఇనుప రజను ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్పించండి. తెల్లారి మంచుకే అది తుప్పు చుక్కలై రంగులో దిగిపోతుంది. రేకును గ్రైండరుతో కోయనివ్వకండి, నిప్పురవ్వలు పూతను కాలుస్తాయి. కత్తెర లేదా నిబ్లరు (రేకును కొరికి కోసే పరికరం) వాడాలి. గోడ పక్కన తడి సిమెంటు రేకుకు తగలకూడదు. సిమెంటు క్షారం అల్యూమినియం జింకు పూతను తినేస్తుంది. అక్కడ గోడలో గాడి కొట్టి, రేకు ఫ్లాషింగ్ (సందులో నీళ్లు దిగకుండా వంచిన పట్టీ) దూర్చి, సీలెంటు పెట్టించాలి.

చప్పుడు గురించి ఒక్క మాట. జోరు వానలో సీలింగ్ లేని రేకు కింద ఫోను మాట్లాడలేరు, పిల్లలు చదువుకోలేరు. పెంకు కింద వాన హాయిగా వినిపిస్తుంది. పెంకు నుంచి దుమ్ము రాలుతుంది, తేళ్లు చేరతాయి, వంటగది మీద అది చికాకే.

వాన నీళ్లు పట్టుకోవాలంటే రేకు మేలు. పైన చెప్పిన ఇంటి మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే ఏడున్నర వేల లీటర్లు; లెక్కకు నేల కొలతే తీసుకోవాలి, వాలు కొలత కాదు. గట్టరుకు రెండు చోట్ల నాలుగంగుళాల పైపు దించండి. ఒక్కటే పెడితే ఆకు అడ్డుపడ్డ రోజు నీళ్లు గోడల మీదికే.

సోలారు ఆలోచన ఉన్నవాళ్లు కప్పు వెయ్యకముందే తేల్చుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్రం సోలారు పథకం పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ ఉండటంతో చాలామంది అడుగుతున్నారు. పెంకు మీద పలకలు పెట్టాలంటే రీపరు నుంచి కొక్కేలు పైకి తియ్యాలి, ఆ పని తెలిసినవాళ్లు తక్కువ. రేకు మీద తేలికే, కానీ బ్రాకెట్టు కింది పైపుకు బిగియాలి, ఉత్త రేకుకు కాదు. పలకల బరువుకు తగ్గట్టు అడ్డ పైపులు ముందే దగ్గర చేయించండి.

రేకు కప్పుకు, దాని చట్రానికి ఎర్తింగ్ వేయించడం మరవకండి. సర్వీసు తీగ పైతొడుగు అరిగి రేకుకు తగిలితే ఇనుప చట్రమంతా కరెంటు పాకుతుంది, తడి బట్టలారేసే తీగ కూడా దానికే కట్టి ఉంటుంది. సర్వీసు తీగను కప్పుకు తగలకుండా వేరే పైపు మీదుగా దించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించండి.