సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్ పదజాలం: చాలాకాలం వాడిన తరువాత నా సమీక్ష

పర్లాకిమిడిలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఏళ్ల తరబడి ఈ మూడు ప్రోగ్రామింగ్ భాషలనూ చెబుతున్నాను. గునుపురం నుంచి, పాతపట్నం నుంచి వచ్చే పిల్లలు ఒక భాష ముగించి మరో భాషలోకి వెళ్లేటప్పుడు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ (డేటానూ దానిపై పనిచేసే కోడ్‌నూ క్లాసు అనే ఒకే మూసలో కలిపి రాసే పద్ధతి) పదాల దగ్గరే ఎక్కువగా తడబడతారు.

పేరు మాత్రమే మారితే ఇబ్బంది లేదు. జావా ఫీల్డ్ (క్లాసులో ఉండే విలువ), మెథడ్ (క్లాసు చేసే పని) అనేవాటిని సీ ప్లస్ ప్లస్ డేటా మెంబర్, మెంబర్ ఫంక్షన్ అంటుంది. పైథాన్‌లో ఆ రెండూ ఆట్రిబ్యూట్లే. సూపర్‌క్లాస్ (మూల క్లాసు), సబ్‌క్లాస్ (దాని నుంచి వారసత్వంగా వచ్చిన క్లాసు) కంటే సీ ప్లస్ ప్లస్ సృష్టికర్త స్ట్రౌస్ట్రప్ ఎంచుకున్న బేస్, డిరైవ్డ్ అనే జంటే నాకు నచ్చుతుంది, ఎందుకంటే సబ్ అంటే చిన్నదనిపిస్తుంది, కానీ సబ్‌క్లాస్‌లో ఉండే సభ్యులు (విలువలు, పనులు) సాధారణంగా ఎక్కువే.

అసలు చిక్కు, ఒకే పదం రెండు భాషల్లో రెండు రకాలుగా పనిచేయడంతో వస్తుంది. క్లాసు సభ్యులను ఎవరు వాడవచ్చో పరిమితం చేసే ప్రొటెక్టెడ్‌నే తీసుకుందాం. ఖాతా అనే క్లాసులో నిల్వను ప్రొటెక్టెడ్‌గా పెట్టి, దానితో వారసత్వ సంబంధమే లేని బ్యాంకు అనే మరో క్లాసు నుంచి చదివితే, రెండూ ఒకే ప్యాకేజీలో (క్లాసుల సమూహంలో) ఉన్నంతకాలం జావా కంపైలర్ (కోడ్‌ను సరిచూసి అనువదించే ప్రోగ్రామ్) అభ్యంతరం చెప్పదు. అదే సీ ప్లస్ ప్లస్‌లో రాస్తే, బ్యాంకును ఫ్రెండ్‌గా (లోపలి సభ్యులను చూడనిచ్చే క్లాసుగా) ప్రకటించకపోతే, ప్రోగ్రామ్ కంపైలే కాదు. పైథాన్‌లో ఇలాంటి కాపలా అసలు లేదు; పేరుకు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే క్లాసు పేరును కలిపి ఆ పేరును మార్చుతుందే తప్ప చదవకుండా ఆపదు.

ఓవర్‌రైడింగ్, అంటే మూల క్లాసులోని మెథడ్‌ను సబ్‌క్లాస్ తిరగరాయడం, మరింత ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ ఎర్రర్ కూడా రాదు. జావాలో మామూలు మెథడ్‌ను సబ్‌క్లాస్ తిరగరాస్తే కొత్తదే నడుస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో బేస్ క్లాసు ఫంక్షన్‌కు వర్చువల్ (తిరగరాసినదాన్నే నడపమనే గుర్తు) అని రాయకుండా బేస్ పాయింటర్ (ఆబ్జెక్టును బేస్ రకంగా చూపే చిరునామా) ద్వారా పిలిస్తే పాతదే నడుస్తుంది. జావా అలవాటుతో వచ్చిన విద్యార్థి తన కోడ్‌లో తప్పు ఎక్కడుందో తెలియక గంటల తరబడి వెతుకుతాడు. సీ ప్లస్ ప్లస్ 2011 ప్రమాణంలో చేరిన ఓవర్‌రైడ్ అనే పదాన్ని డిరైవ్డ్ క్లాసులో రాస్తే, బేస్‌లో వర్చువల్ లేదని కంపైలరే చెబుతుంది కనుక, దాన్ని మొదటి రోజు నుంచే రాయిస్తాను.

బజారులో దొరికే ఒక గైడు మూడు భాషల పదాలనూ సమానార్థకాలుగా పట్టికలో పెట్టింది. ప్రొటెక్టెడ్ వరుసలో మూడు గళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ పట్టికను నేను వాడనివ్వను. పదాలు నిక్కచ్చిగా ఉండటంలో నా ఓటు సీ ప్లస్ ప్లస్‌కే. కొత్తవారికి మాత్రం పైథాన్‌తోనే మొదలుపెడతాను, కాపలా నియమాలను జావాలోకి వెళ్లాక వేరే పాఠంగా చెబుతాను.