తోడు నిలిచింది, ఇన్సులిన్ నిలవలేదు: నాలుగు వేసవుల కారు ఫ్రిజ్

2022లో ఈ కారు ఫ్రిజ్ కొన్నప్పుడు కనపడిన ప్రతివాళ్లకీ దీని గురించి చెప్పాను. నా మాట మీద డాలస్‌లో మాకు తెలిసిన నాలుగు కుటుంబాలు ఇలాంటిదే కొనుక్కున్నాయి. నాలుగు వేసవులు వాడాక ఇప్పుడు నా అభిప్రాయం కొంత మారింది. ఆ మాట కూడా నేనే చెప్పాలి కదా. ఎన్ని లీటర్లు, ఎంత బరువు, ఫోన్‌లో ఆప్ ఎలా ఉంటుంది లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

ముందు సంతోషం సంగతి. నేషనల్ పార్కులకు కారులో వెళ్లేటప్పుడు మనవాళ్లకు మొదటి రెండు రోజులూ తిండికి లోటుండదు. పులిహోర ఉంటుంది, చపాతీలు ఉంటాయి, కందిపొడి ఉంటుంది. మూడో రోజుకి అందరి మనసూ పెరుగన్నం మీదికి పోతుంది. యూటా, అరిజోనాల్లో చిన్న ఊళ్ల కొట్లకు వెళితే, మేము చూసినంతలో, పెరుగు చాలావరకు తీపి కలిపినదే. పాలు మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి. కాబట్టి కావలసింది తోడు ఒక్కటే. ఐస్ పెట్టె రోజుల్లో ఆ తోడే మూడో రోజుకి పాడయ్యేది. సాయంత్రం పోసిన ఐస్ పొద్దున్నకి నీళ్లయ్యేది, ఆ నీళ్లు పెరుగు డబ్బాలోకి దిగేవి, కరివేపాకు నల్లబడేది, కూరగాయలు నాని మెత్తబడేవి.

ఈ ఫ్రిజ్ వచ్చాక పన్నెండు రోజుల ప్రయాణంలో ఇంటి తోడు ఒక్కరోజు కూడా పోలేదు. రాత్రి మోటెల్‌లో పాలు కాచి తోడు వేయడం, పొద్దున గట్టిగా పేరుకున్న డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టడం, మధ్యాహ్నం ఏ పైన్ చెట్టు కిందో ఆగి చల్లటి పెరుగు తీయడం. మొదటి ఏడాది గ్రాండ్ కాన్యన్ అంచున బల్ల మీద పిల్లలిద్దరూ ఆవకాయ నంజుకుని పెరుగన్నం తింటుంటే, ఆ రోజు చూసిన లోయ కంటే నాకు అదే ఎక్కువ గుర్తుంది. కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ కాబట్టే ఇది సాధ్యమైంది. కంప్రెసర్ లేని చవక కూలర్ పెట్టెలు బయటి వేడి కంటే ఓ ఇరవై డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. ఎండలో ఆపిన కారు లోపల అరవై డిగ్రీలుంటే పెట్టెలో నలభై ఉంటుంది. అది పెరుగుని కాపాడదు, పులియబెడుతుంది.

ఇక 2023 సంగతి. ఆ ఏడాది మే నెలలో మా అత్తయ్య, మామయ్య నరసరావుపేట నుంచి వచ్చారు. జూన్ చివర్లో ఆరుగురం బయల్దేరాం. ఐ-40 హైవే పట్టుకుని అమరిల్లో మీదుగా వెళ్లి, అల్బుకర్కీలో ఒక రాత్రి ఆగి, మర్నాడు రాత్రికి యూటాలో జాయన్ నేషనల్ పార్కు పక్కనున్న స్ప్రింగ్‌డేల్ చేరాం. అత్తయ్యకి షుగర్. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. వాడుతున్న పెన్ను (లోపల ఇన్సులిన్ నింపి ఉండే పెన్నులాంటి సూది) ఆమె చేతిసంచిలో ఉంటుంది, అది నాలుగు వారాల వరకు మామూలు గది వేడిలో ఉండొచ్చు. ఇంకా తెరవని అయిదు పెన్నులు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. "మన ఫ్రిజ్ ఉందిగా అత్తయ్యా, మీరేం కంగారు పడకండి" అని ఆ అయిదూ తీసి పైబుట్టలో పెట్టింది నేనే.

జాయన్‌లో వేసవిలో లోయ లోపలి రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు. 2000 నుంచీ అక్కడ షటిల్ బస్సులే. విజిటర్ సెంటర్ దగ్గర పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుందని ఎనిమిదింటికల్లా వెళ్లి కారు పెట్టేసి బస్సెక్కాం. అత్తయ్యా మామయ్యా నడవగలిగే దారి చివరి స్టాపు దగ్గర ఉంది, రివర్‌సైడ్ వాక్. నది పక్కనే చదునైన సిమెంటు దారి, రానూపోనూ రెండు మైళ్ల పైచిలుకు. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు, వాటిలోంచి ఊరే నీళ్లు, ఆ నీళ్ల కింద వేలాడే మొక్కలు. మామయ్య ప్రతి మలుపు దగ్గరా ఆగి చూశారు, మేమెవరం తొందరపెట్టలేదు. నీళ్లలో పిల్లలు ఆడుకున్నారు. తిరిగి కారు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. బయట నలభై డిగ్రీల ఎండ.

వెనక తలుపు ఎత్తగానే పులుపు వాసన. దోసెల పిండి పొంగి మూతని తోసుకుని బుట్ట నిండా కారింది. పెరుగు నీళ్లొదిలేసింది. ఫ్రిజ్ మీద అంకెలు వెలగడం లేదు. ఇంజిన్ స్టార్ట్ చేశాక వెలిగాయి: 29. అది అడుగున ఉండే సెన్సర్ చెప్పే మాట. పెన్నులున్నది పైబుట్టలో, మూత కింద. అక్కడ ఎంత వేడి పుట్టిందో, ఎన్ని గంటలు ఉందో తెలుసుకునే దారి లేదు. ఫ్రిజ్ ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. ఆప్ ఉంది కానీ, అది బ్లూటూత్‌తో పనిచేసేది. పక్కన నిలబడితేనే మాట్లాడుతుంది. మేము బస్సులో ఆరు మైళ్ల దూరంలో ఉంటే అది ఎవరికి చెబుతుంది?

ఆ రాత్రి ఎనిమిదింటికి, అంటే ఇండియాలో పొద్దున ఏడున్నరకి, అత్తయ్యని చూసే డాక్టరుకి ఫోన్ చేశాం. ఎంత వేడిలో ఉందో తెలియని ఇన్సులిన్ వద్దు, చూడటానికి బాగానే ఉన్నా పనిచేయకపోవచ్చు, చేతిలో ఉన్న పెన్నుతో నడిపించండి, రోజుకి మూడుసార్లు షుగర్ చూసుకోండి అన్నారు. చేతిలోని పెన్ను లెక్కపెడితే తొమ్మిది రోజులకి సరిపోతుంది, మా ప్రయాణం ఇంకా ఎనిమిది రోజులుంది. మిగతా నిల్వ డాలస్‌లో ఇంటి ఫ్రిజ్‌లో ఉంది కాబట్టి గండం గడిచింది. కానీ ఆ ఎనిమిది రోజులూ నాకున్న టెన్షన్ నాకే తెలుసు. తర్వాతి పార్కులు బ్రైస్‌లో, ఆర్చెస్‌లో అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను గ్లూకోమీటర్ అంకెలు చూస్తూ గడిపాను.

అత్తయ్య ఒక్క మాట అనలేదు. ఆ అయిదు పెన్నులూ పక్కన పెట్టేశాక, నీళ్లొదిలిన పెరుగు డబ్బా పారబోయబోతుంటే నా చేయి పట్టుకుని ఆపారు. "అమ్మాయ్, ఇది తోడుకి పనికొస్తుందే. ఒక్క చెంచా తీసి పెట్టు" అన్నారు. ఆ రాత్రే పాలు కొని తోడేశారు. పొద్దున్నకి పెరుగు పేరుకుంది, కాస్త పుల్లగా.

ఇంతకీ ఎందుకు ఆగింది? ఇంటికి వచ్చాక మా ఆయన వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నారు. ఇలాంటి ఫ్రిజ్‌లలో చాలావాటికి కారు బ్యాటరీని కాపాడే సెట్టింగు ఒకటి ఉంటుంది: హెచ్ (ఎక్కువ), ఎమ్ (మధ్యస్థం), ఎల్ (తక్కువ). బ్యాటరీ వోల్టేజి ఒక గీత దాటి పడిపోతే, కారు మళ్లీ స్టార్ట్ కాకుండా పోకూడదని ఫ్రిజ్ తనంతట తనే ఆగిపోతుంది. హెచ్‌లో అందరికంటే ముందే ఆగుతుంది, ఎల్‌లో బ్యాటరీ బాగా దిగేదాకా నడుస్తుంది. మాది కంపెనీ నుంచి హెచ్ మీద వచ్చింది. మా మాన్యువల్ ప్రకారం ఆ గీత 11.8 వోల్టులు. ఇంజిన్ ఆపిన కారులో బ్యాటరీ దగ్గర కొలిస్తే 12.4 ఉంది, అంటే అప్పటికి బ్యాటరీకి ఏ లోటూ లేదు. కానీ వెనకున్న సిగరెట్ లైటర్ సాకెట్ దాకా వచ్చే తీగ సన్నం. కంప్రెసర్ మొదలైనప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి ఆ తీగలోనే వోల్టేజి తగ్గి, ఫ్రిజ్ దగ్గర 11.6 చూపించింది. బ్యాటరీ అయిపోయిందనుకుని ఫ్రిజ్ ఆగింది. కూత లేదు, కేక లేదు. ఫ్రిజ్ మీద నాకున్న కోపమంతా ఇక్కడే. ఆగడం తప్పు కాదు, చెప్పకుండా ఆగడం తప్పు.

మొదటి ఏడాది ఇది ఎందుకు బయటపడలేదంటే, పెట్రిఫైడ్ ఫారెస్ట్, గ్రాండ్ కాన్యన్ రెండింటిలోనూ మేము గంటకో చోట ఆగుతూ, మళ్లీ ఇంజిన్ వేస్తూ తిరిగాం. కారుని ఎనిమిది గంటలు ఎండలో వదిలేసింది జాయన్‌లోనే. అంటే నేను అప్పట్లో పొగిడింది సగం ఫ్రిజ్‌ని, సగం మా తిరుగుడుని.

ఆ తర్వాత బ్యాటరీ నుంచి వెనక్కి లావు తీగ, మధ్యలో ఫ్యూజు వేయించాం, సెట్టింగు ఎమ్‌కి మార్చాం. 2024లో ఎల్లోస్టోన్‌లో ఒక రాత్రి ఎల్ పెట్టి చూస్తే పొద్దున కారు స్టార్ట్ కాలేదు. పక్క టెంటువాళ్ల కేబుల్స్‌తో బయటపడ్డాం. అక్కడ ఎలుగుబంట్ల వల్ల తిండి, కూలర్లు బయట వదలకూడదు, ఫ్రిజ్ తాళం వేసిన కారులోనే ఉండాలి. కాబట్టి బయటికి తెచ్చి క్యాంపులో ప్లగ్గుకి పెడదామనే ఆలోచనతో కొనేవాళ్లు అది కూడా గుర్తుంచుకోండి. ఆ ఏడాదే కారు బ్యాటరీతో పనిలేకుండా ఫ్రిజ్‌ని నడిపే ఒక లిథియం పవర్ స్టేషన్, అంటే మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె, విడిగా కొన్నాం. అంటే ఫ్రిజ్ ధర మీద ఇంకో ఖర్చు.

అదీ పూర్తి పరిష్కారం కాలేదు. 2025లో అత్తయ్యావాళ్లు మళ్లీ వచ్చినప్పుడు కొలరాడోలో గ్రేట్ శాండ్ డ్యూన్స్ వెళ్లాం. వేసవి మధ్యాహ్నం అక్కడి ఇసుక అరవై అయిదు డిగ్రీల దాకా కాలుతుంది. కారులో మూసి ఉంచిన పవర్ స్టేషన్ వేడెక్కి తనే ఆగిపోయింది. ఈసారి మాత్రం మేము కంగారు పడలేదు, ఎందుకంటే ఇన్సులిన్ ఫ్రిజ్‌లో లేదు. నీళ్లలో తడిపితే లోపలి గింజలు ఉబ్బే గుడ్డ పౌచ్‌లు దొరుకుతాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, తడి ఆరుతుంటే లోపల చల్లబడుతుంది. ఫ్రిజ్ అంత చల్లగా కాదు, కానీ ప్రయాణంలో వాడే పెన్నులకి సరిపోతుంది. ఎడారి పొడిగాలిలో బాగా పనిచేసింది. మన కోస్తాలో ఉక్కపోతకి ఎయిర్ కూలర్ ఎలా చతికిలపడుతుందో, గాలిలో తేమ ఉన్న చోట ఇదీ అంతే. పౌచ్ అత్తయ్య భుజాన ఉంటుంది, ఆమె ఎక్కడుంటే మందు అక్కడే.

ఇంకో చిన్న వస్తువు, పది డాలర్లలోపు: రోజంతటిలో అత్యధిక, అత్యల్ప వేడిని గుర్తుపెట్టుకునే థర్మామీటర్. పైబుట్టలో పడేశాం. దానివల్లే తెలిసింది, అడుగున 4 చూపిస్తుంటే పైన 8, 9 ఉంటోందని, లోహపు గోడకి ఆనించిన పెరుగు మాత్రం గడ్డకడుతోందని. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కూడా పారేయాల్సిందే. కాబట్టి గోడకి ఆనించకుండా, మూత దగ్గర పెట్టకుండా, మధ్యలో సర్దుకోవాలి.

కొనమంటానా? మా ఇంట్లో పెరుగు లేకుండా భోజనం పూర్తవదు, ఏటా పది రోజులకు తగ్గకుండా తిరుగుతాం, వెనక చోటున్న ఏడు సీట్ల వ్యాన్ ఉంది. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి మాకు గిట్టుబాటైంది, ఇది పాడైతే ఇంకోటి కొంటాం. నాలుగు రోజుల ట్రిప్పుకైతే మంచి ఐస్ పెట్టె చాలు. చిన్న కారైతే పెట్టెలు పైకెక్కించాల్సి వస్తుంది. మందుల కోసమే కొనేవాళ్లయితే మాత్రం ముందు మీ డాక్టరుతో మాట్లాడండి, దీని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

నా మాట విని కొన్న నాలుగు కుటుంబాల్లో రెండింటి వాళ్లకి ఫోన్‌లోనే చెప్పి సెట్టింగు మార్పించాను. ఇంకొకరు ఫ్రిజ్ అమ్మేశారు. నాలుగోవాళ్లు వచ్చే జూన్‌లో వాళ్ల అమ్మగారితో జాయన్ వెళ్తున్నారట, ఆవిడకీ ఇన్సులినే. ఈ ఆదివారం మల్టీమీటర్, ఒక పౌచ్ తీసుకుని వాళ్లింటికి వెళ్తున్నాం.