పోలీసుల విషయంలో మంత్రిని అడగాలంటే ఏది మేలు? స్టార్డ్ ప్రశ్నా, అన్‌స్టార్డ్ ప్రశ్నా, జీరో అవరా?

మా ఎంపీతోనో ఎమ్మెల్సీతోనో పోలీసుల విషయం సభలో అడిగించాలి, ఎలా అడిగిస్తే పని జరుగుతుంది అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా కాలనీ సంఘాల వాళ్లు, ఆడపిల్లల భద్రత మీద పనిచేసేవాళ్లు. అందరి మనసులో ఉండేది ఒకటే. మన నాయకుడు లేచి గట్టిగా నిలదీయాలి, హోంమంత్రి నీళ్లు నమలాలి, అది సాయంత్రం టీవీలో రావాలి. ఆ కోరిక తప్పని నేననను. కానీ మేం కూడా మొన్న మా ప్రాంతం ఎమ్మెల్సీ గారికి ఒక ప్రశ్న రాసివ్వాల్సి వచ్చినప్పుడు బాగా ఆలోచించి, టీవీలో రాని దారే ఎంచుకున్నాం, ఎందుకో చెప్తాను.

ముందు ఏ సభ అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే సగం ప్రశ్నలు ఇక్కడే చచ్చిపోతాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పోలీసు, శాంతిభద్రతలు రెండూ రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. గుంటూరులో గస్తీ సరిగ్గా లేదని, వరంగల్‌లో స్టేషన్లో సిబ్బంది చాలట్లేదని మీ ఎంపీ లోక్‌సభలో అడిగితే కేంద్ర హోంశాఖ నుంచి వచ్చే జవాబులో మొదటి వాక్యం ఇప్పుడే చెప్పేయొచ్చు, పోలీస్, పబ్లిక్ ఆర్డర్ రాష్ట్ర అంశాలు, బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే అని. అసలు కేంద్రానికి ప్రధానంగా సంబంధం లేని విషయం అడక్కూడదని లోక్‌సభ నిబంధనల్లోనే ఉంది, కాబట్టి ప్రశ్న అడ్మిట్ కాకుండానే వెనక్కి రావచ్చు కూడా.

అలాగని పార్లమెంట్ దండగ అనుకోవద్దు. కేంద్రం డబ్బు ఉన్నచోట, కేంద్రం దగ్గర లెక్క ఉన్నచోట, కేంద్రం చేతిలో ఫైలు ఉన్నచోట అక్కడే అడగాలి. మహిళల భద్రత కోసం పెట్టిన నిర్భయ ఫండ్ 2013లో మొదలైంది, దాని కింద సేఫ్ సిటీ ప్రాజెక్టుకి తీసుకున్న ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి, ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది, వినియోగ పత్రాలు వచ్చాయా లేదా అని అడిగితే రాష్ట్ర అంశం అని తప్పించుకోవడానికి లేదు. 112 ఎమర్జెన్సీ నంబర్ అంతే, స్టేషన్లలో మహిళా హెల్ప్ డెస్కులూ అంతే. కస్టడీ మరణాల లెక్క రాష్ట్రాలవారీగా జాతీయ మానవ హక్కుల కమిషన్ దగ్గర ఉంటుంది, ఎంపీ అడిగితే హోంశాఖ ఇస్తుంది. ఆడవాళ్లపై నేరాలకి కఠిన శిక్షల కోసం ఏపీ అసెంబ్లీ 2019 డిసెంబర్‌లో పాస్ చేసిన దిశ బిల్లు రాష్ట్రపతి ఆమోదం కోసం వెళ్లింది, అలాంటిది ఎక్కడ ఆగిందో అమరావతిలో అడిగితే సగమే తెలుస్తుంది, ఢిల్లీలో అడగాలి. ఢిల్లీలో చదువుకునే మన పిల్లల భద్రత సంగతైతే పూర్తిగా పార్లమెంటే, ఎందుకంటే ఢిల్లీ పోలీసులు నేరుగా కేంద్ర హోంశాఖ కింద ఉంటారు.

ఒక్క ఇబ్బంది ఏంటంటే నేరాల అంకెలకి కేంద్రం ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) రిపోర్టు మీదే ఆధారపడుతుంది, అది ఆలస్యంగా వస్తుంది. 2022 సంవత్సరం రిపోర్టు బయటికొచ్చింది 2023 డిసెంబర్‌లో. పోయిన నెల మన జిల్లాలో ఏం జరిగిందో చెప్పగలిగేది రాష్ట్ర హోంమంత్రి మాత్రమే. వీధి, స్టేషన్, జిల్లా స్థాయి ఏదైనా సరే అసెంబ్లీ లేదా మండలి. నా లెక్కలో అదే మొదటి తలుపు.

ఇప్పుడు అసలు పోలిక.

స్టార్డ్ ప్రశ్న అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, తర్వాత దాని మీదే సప్లిమెంటరీలు, అంటే అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. దీని బలమంతా ఆ సప్లిమెంటరీలోనే ఉంది, అధికారులు రాసిచ్చిన కాగితం అయిపోయాక మంత్రికి విషయం తెలుసా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది. ఆ భయంతోనే శాఖ కింద నుంచి పైదాకా కదులుతుంది, ఎస్పీ ఆఫీసుల నుంచి నోట్లు తెప్పించుకుంటారు, అడగబోయే ప్రతి చిన్నదానికీ జవాబు సిద్ధం చేసుకుంటారు. ఈ కదలిక చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి.

కానీ అవకాశం ఎంత? లోక్‌సభలో రోజుకి స్టార్డ్ జాబితాలో ఉండేవి 20, రాజ్యసభలో 15, అవీ బ్యాలెట్‌లో, అంటే లాటరీలో తగలాలి. తగిలినా మీ నంబర్ పైన ఉండాలి, ఎందుకంటే క్వశ్చన్ అవర్‌లో, అంటే ప్రశ్నలకి కేటాయించిన గంటలో మామూలుగా నాలుగైదు ప్రశ్నలకి మించి నడవవు. 2019 నవంబర్ 27న లోక్‌సభలో 20కి 20 పూర్తయితే అదే పెద్ద వార్త అయింది, ఎంత అరుదో చూడండి. పదో నంబరో పదిహేనో నంబరో అయితే మీ స్టార్డ్ ప్రశ్న కూడా చివరికి రాతపూర్వక జవాబుగానే బల్ల మీదకి వస్తుంది. సభలో గొడవై వాయిదా పడితే ఒకటో నంబర్‌దీ అదే గతి. పైగా అంకెలు ఎక్కువ అడిగారనుకోండి, దీనికి రాతలోనే జవాబు సరిపోతుందని స్పీకర్ దాన్ని అన్‌స్టార్డ్‌లోకి మార్చేయొచ్చు, ఆ అధికారం నిబంధనల్లోనే ఉంది.

ఇంకో మాట, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి హోంశాఖ ముఖ్యమంత్రి దగ్గరే ఉంది. ముఖ్యమంత్రి ఆ పూట సభలో లేకపోతే ఆయన తరఫున వేరే మంత్రి జవాబు చదవొచ్చు, అలాంటి మంత్రిని సప్లిమెంటరీ అడిగితే సీఎం దృష్టికి తీసుకెళ్తామనే మాట తప్ప ఏమొస్తుంది? ఏపీలో 2024 జూన్ నుంచి హోంశాఖకి విడిగా వంగలపూడి అనిత గారు మంత్రిగా ఉన్నారు కాబట్టి అక్కడ నోటి ప్రశ్నకి కాస్త ఎక్కువ విలువ ఉందనే అనుకుంటాను.

అన్‌స్టార్డ్ ప్రశ్నకి జవాబు రాతలోనే వస్తుంది, మంత్రి లేవడు, సప్లిమెంటరీ లేదు, టీవీ లేదు. లోక్‌సభలో రోజుకి 230, రాజ్యసభలో 160 ఉంటాయి కాబట్టి మనది జాబితాలోకి ఎక్కే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. లోక్‌సభలో హోంశాఖ వంతు మంగళవారం, రాజ్యసభలో బుధవారం, ఆ రోజే జవాబు పీడీఎఫ్ సంసద్ వెబ్‌సైట్లో పెట్టేస్తారు, అనుబంధంగా రాష్ట్రాలవారీ పట్టిక కూడా ఉంటుంది. 2020 సెప్టెంబర్‌లో కోవిడ్ పేరుతో క్వశ్చన్ అవర్ మొత్తం ఎత్తేసినప్పుడు కూడా ఈ రాతపూర్వక జవాబులు ఆగలేదు, అది గుర్తుపెట్టుకోవాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. పోలీసుల విషయంలో మనకి కావాల్సింది మాట కాదు, అంకె. కఠిన చర్యలు తీసుకుంటాం, ఎవరినీ ఉపేక్షించం అని ఏ మంత్రైనా ఏ ప్రభుత్వంలోనైనా చెప్తారు, దాన్ని పట్టుకుని రేపు ఏం చేస్తాం? అదే మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, జీరో ఎఫ్ఐఆర్‌లు (నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఎక్కడైనా నమోదు చేసేవి) ఎన్ని కట్టారు, వాటిలో ఎన్ని సంబంధిత స్టేషన్‌కి బదిలీ అయ్యాయి అని అడిగితే వచ్చే ప్రతి అంకె కిందా మంత్రి పేరుంటుంది. ఆర్నెల్ల తర్వాత అదే ప్రశ్న మళ్లీ అడిగి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టొచ్చు. విలేకరికి ఇవ్వొచ్చు, హైకోర్టులో పిల్‌కి జతచేయొచ్చు. తెలిసి తప్పు అంకె ఇస్తే అది సభా హక్కుల ఉల్లంఘన దాకా పోతుంది కాబట్టి అధికారులు రాసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు.

సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం అని జవాబొస్తే చాలామంది నిరాశపడి వదిలేస్తారు. వదలకండి. ఆ మాట సభలో హామీ కింద లెక్క, ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది, పార్లమెంట్ విషయంలో మూడు నెలల్లో ఆ హామీ నెరవేర్చాలి, లేదంటే గడువు పొడిగించమని శాఖే కమిటీని అడగాలి. మన రెండు రాష్ట్రాల శాసనసభల్లోనూ ఈ కమిటీ ఉంది. పరిశీలిస్తున్నాం అన్న మాటకి కూడా ఇదే దారి. కావాల్సిందల్లా మీ ప్రతినిధి ఆఫీసులో ఎవరో ఒకరు ఆ తేదీ రాసిపెట్టుకుని వెంటపడటం.

అసెంబ్లీ జవాబులతో ఒక బాధ ఉంది, నిజంగా బాధే. పార్లమెంట్ జవాబుల్లా ఇవి అంత తేలిగ్గా బయట దొరకవు. అడిగిన సభ్యుడికి వచ్చిన కాగితం ఆయన పీఏ దగ్గరే ఉండిపోతుంది, అడిగించిన మనకే తెలియదు. అందుకే ప్రశ్న ఇచ్చేటప్పుడే జవాబు కాపీ మాకివ్వాలని గట్టిగా మాట తీసుకోండి. కోట్లాది మంది భద్రతకి సంబంధించిన జవాబులు తెలుగులో, అందరికీ దొరికేలా పెట్టకపోవడం నాకు చాలా కోపం తెప్పించే విషయం.

జీరో అవర్, అంటే అత్యవసర విషయాలు సభలో లేవనెత్తే సమయం, దాని గురించి క్లుప్తంగా. పొద్దున్నే నోటీసిచ్చి అదే రోజు మాట్లాడొచ్చు, రాత్రి జరిగిన ఘోరం మీద వెంటనే గొంతెత్తడానికి ఇంతకంటే దారి లేదు, కానీ మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాల్సిన పని లేదు. లోక్‌సభ 377 నిబంధన కింద ఇచ్చే ప్రస్తావనలు సభలో చదివిపోతారు, జవాబు తర్వాత ఎప్పుడో ఉత్తరంలా వస్తుంది. కాలింగ్ అటెన్షన్ (అత్యవసర విషయాన్ని మంత్రి దృష్టికి తెచ్చి ప్రకటన కోరడం) దొరికితే మంచిదే, దొరకడమే కష్టం. మిగతా పని ఆపి ఈ విషయమే చర్చించాలనే వాయిదా తీర్మానాలు అసెంబ్లీలో ఇచ్చేవే ఎక్కువ, ఒప్పుకునేవి అరుదు. ప్రకటన కోసం పట్టుబట్టడం ఇంకో దారి. 2023 డిసెంబర్ 13న పార్లమెంట్‌లో భద్రతా లోపం మీద హోంమంత్రి ప్రకటన చేయాలని పట్టుబట్టిన ప్రతిపక్ష ఎంపీలు ఆ సమావేశాల్లో వరసగా సస్పెండ్ అయ్యారు, రెండు సభల్లో కలిపి మొత్తం 146 మంది. ఆ డిమాండ్ న్యాయమైనదే, కానీ సస్పెండైన సభ్యుడు ఆ రోజుల్లో మన తరఫున ప్రశ్న వేయలేడు. ఆర్టీఐ కూడా పనికొస్తుంది గానీ దాని జవాబు కింద ఉండేది పీఐవో (ఆఫీసులోని సమాచార అధికారి) సంతకం, మంత్రి బాధ్యత కాదు.

మరి స్టార్డ్ ఎప్పుడు? మీ చేతిలో ముందే ఒక అన్‌స్టార్డ్ జవాబు ఉన్నప్పుడు. ఫలానా తేదీన మీరే ఇన్ని ఖాళీలన్నారు, ఇవాళ్టికీ అన్నే ఉన్నాయి, ఎందుకు భర్తీ చేయలేదు అని సప్లిమెంటరీ వేస్తే మంత్రి తప్పించుకోలేరు. అంకె చేతిలో లేకుండా స్టార్డ్ వేయించుకుంటే అది ఉపన్యాసానికి ఉపన్యాసం అయిపోతుంది. కాబట్టి ముందు అన్‌స్టార్డ్, తర్వాతి సమావేశాల్లో స్టార్డ్. ఒక్కటే ఎంచుకోవాలంటే మాత్రం నేను అన్‌స్టార్డే అంటాను.

ప్రశ్న రాయడం మీద ఒక జాగ్రత్త. మన సభల్లో అలవాటైన పద్ధతి ఉందిగా, ఫలానాది వాస్తవమేనా, అయితే వివరాలేమిటి, లేనిచో కారణాలేమిటి అని. మొదటిదానికి లేదండీ అని ఒక్క ముక్క రాసేస్తే మిగతా రెండిటికీ ప్రశ్న ఉత్పన్నం కాదు అని కొట్టేస్తారు. పోలీసులు నిర్లక్ష్యంగా ఉన్నది వాస్తవమేనా అని మొదలుపెట్టారంటే మీ ప్రశ్నని మీరే పాడుచేసుకున్నట్టు. అవును, కాదు అనే వీలున్న వాక్యం ఒక్కటీ పెట్టొద్దు. కోర్టులో నడుస్తున్న కేసు పేరూ ఎత్తొద్దు, అడ్మిట్ కాదు. దేనికి చట్టమో తీర్పో ఆధారంగా ఉందో దాన్నే పట్టుకోండి. ప్రతి పోలీస్ స్టేషన్లో సీసీ కెమెరాలుండాలని, ఫుటేజీ 18 నెలలు దాచాలని, కుదరకపోతే కనీసం ఏడాదైనా ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో చెప్పింది. పోలీసుల మీద ఫిర్యాదులకి విడిగా అథారిటీ ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే ప్రజా భద్రత చట్టం వచ్చింది.

మేం ఇచ్చిన ప్రశ్న ఇలా ఉంది, మీ జిల్లా పేరు పెట్టుకుని వాడుకోండి:

అ) జిల్లాలోని ఒక్కో పోలీస్ స్టేషన్లో అమర్చిన సీసీ కెమెరాలెన్ని, ఈరోజుకి పనిచేస్తున్నవెన్ని?
ఆ) ఒక్కో స్టేషన్లో ఫుటేజీ ఎన్ని నెలలు భద్రపరుస్తున్నారు?
ఇ) గత ఏడాది పోలీసు ఫిర్యాదుల అథారిటీకి ఈ జిల్లా నుంచి వచ్చిన ఫిర్యాదులెన్ని, పరిష్కరించినవెన్ని?
ఈ) పనిచేయని కెమెరాల మరమ్మతుకి కేటాయించిన నిధులెంత, పూర్తయ్యే తేదీ ఏది?