తిరిగొచ్చిన వేరికోస్ వెయిన్స్‌కు ఏ స్కాన్ మేలు?

ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు పిక్క మీద మళ్లీ మెలికలు తేలితే ఇంట్లో మొదట వినబడే మాట "ఆ డాక్టరు సరిగ్గా చేయలేదు" అని. కావచ్చు, కాకపోవచ్చు. గజ్జ దగ్గర కట్టేయాల్సిన సిర మొదలు కొంత మిగిలిపోయి ఉండొచ్చు. బాగా కట్టినా, ఆ చోటే సన్నని కొత్త సిరలు పుట్టి పాత దారిని మళ్లీ కలిపి ఉండొచ్చు. లేదా అప్పుడు బాగున్న వేరే సిర ఇప్పుడు పాడై ఉండొచ్చు. పైకి మూడూ ఒకేలా ఉంటాయి, చికిత్స మాత్రం ఒకటి కాదు. అందుకే మళ్లీ కత్తి పట్టేముందు స్కాన్. (మనం నరాలు అంటాం గానీ ఇవి సిరలు, న్యూరాలజిస్టు దాకా వెళ్లక్కర్లేదు.)

చేతిలో పట్టే పెన్ డాప్లర్ (ధ్వని తరంగాలతో రక్తం నడకను పట్టే చిన్న పరికరం) చవక, నిమిషాల్లో అయిపోతుంది. కానీ దానిలో బొమ్మ ఉండదు, శబ్దమే. రక్తం వెనక్కి జారుతోందని తెలుస్తుంది, ఏ సిరలోనో తెలియదు. ఒకసారి కోసి కుట్టిన కాలిలో సిరల దారులే మారిపోయి ఉంటాయి కాబట్టి ఇక్కడ దాన్ని నమ్ముకోలేం.

కలర్ డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో సిర ఆకారం, రక్తం నడక రెండూ కనబడతాయి. సూది లేదు, రేడియేషన్ లేదు. తిరిగొచ్చిన కేసులకూ దీన్నే వాడమని బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2013లోనే చెప్పింది. నా ఓటూ దీనికే, కాకపోతే ఒక షరతు ఉంది. మిమ్మల్ని నిలబెట్టి చేయాలి. బరువు రెండో కాలి మీద వేసి నిలబడితే, పిక్క నొక్కి వదులుతారు. నొక్కినప్పుడు రక్తం పైకి పోతుంది, వదలగానే అది వెనక్కి రాకుండా సిరలోని కవాటాలు తలుపుల్లా మూసుకోవాలి. పైసిరల్లో అర సెకనుకు మించి, తొడలోని పెద్ద లోపలి సిరలో 1 సెకనుకు మించి వెనక్కి జారితే కవాటం చెడినట్టే. పడుకోబెట్టి చేస్తే ఆ జారుడు కనబడకుండా పోవచ్చు.

అసలు చిక్కు ఇంకోటి. "డీవీటీ లేదు" అన్న రిపోర్టు పట్టుకుని అంతా బాగుందని వెళ్లిపోతుంటారు. డీవీటీ అంటే లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, అది ఆ గడ్డ ఉందా అని చూసిన పరీక్ష. కవాటాల సంగతి అందులో ఉండకపోవచ్చు. మనకు కావలసిన రిపోర్టులో గజ్జ దగ్గర మొదలు మిగిలిందా, మోకాలి వెనుక చిన్న పైసిర లోపలి సిరలో ఎక్కడ కలుస్తోంది, లోపలి సిరలను పైవాటితో కలిపే పర్ఫోరేటర్ సిరల్లో దేనిలో రక్తం వెనక్కి జారుతోంది, ఇవన్నీ కొలతలతో ఉండాలి. మోకాలి వెనుక కలిసే చోటు మనిషికో తీరుగా ఉంటుంది. మళ్లీ ఆపరేషన్ చేసేటట్టయితే ఆ చోటును స్కాన్ చూస్తూ చర్మం మీద మార్కర్‌తో గీయించుకోవడం మంచిది. ఇదంతా చేసేవాళ్ల నేర్పు మీద ఆధారపడిన పని, ఆ మాట దాచడం దేనికి?

సిరల బొమ్మలు తీసే సీటీ, ఎంఆర్ వీనోగ్రామ్‌ల బలం వేరే చోట ఉంది. పొత్తికడుపు లోతుకు డాప్లర్ సరిగ్గా అందదు, పేగుల్లో గాలి అడ్డం వస్తుంది. కాన్పులైన స్త్రీలకు మర్మాంగం చుట్టూనో తొడ పైభాగంలోనో సిరలు తేలినా, ఎడమ కాలు మొత్తం వాచినా మూలం కటిలో ఉండొచ్చు. అండాశయ సిర పాడైనా అంతే. కుడికాలికి వెళ్లే ధమని కటిలో ఎడమకాలి నుంచి వచ్చే సిరను నొక్కుతున్నా అంతే. అలాంటప్పుడు డాప్లర్ తర్వాత ఇవి అవసరమే. కానీ పడుకోబెట్టి తీసేవి కాబట్టి కవాటం సంగతి చెప్పలేవు. సీటీకి రేడియేషన్ ఉంది, రంగుమందు ఎక్కించాలి గనుక కిడ్నీ జబ్బున్నవాళ్లు ముందే చెప్పాలి. డాప్లర్ చేయించకుండా నేరుగా సీటీ రాయించుకోవడం నాకు దండగ ఖర్చుగానే తోస్తుంది.

మెలికల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పాత పద్ధతీ ఉంది, దాని అవసరం ఇప్పుడు అరుదు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి సమ్మరీ తీసుకెళ్లండి. ఏ సిర తీశారో, ఏది లేజర్‌తో మూశారో తెలిస్తే స్కాన్ చేసేవాళ్లు లేని సిర కోసం వెతుక్కోరు. కౌంటర్‌లో "వేరికోస్ వెయిన్స్‌కి, నిలబెట్టి చేసే డాప్లర్" అని చెప్పి టోకెన్ తీసుకోండి.